ఫ్రాన్స్ పల్లెలో వారం రోజులు ఇల్లు అద్దెకు: నల్లగొండ, పాలమూరు కుటుంబాల కోసం

శనివారం సాయంత్రం నాలుగింటికి తాళంచెవి చేతికొస్తుంది. ఊళ్లో దుకాణం ఉండదు. పది పదిహేను కిలోమీటర్ల అవతల ఉన్న సూపర్‌మార్కెట్ ఏడున్నర, ఎనిమిదింటికల్లా మూసేస్తారు. ఆదివారం తెరిస్తే పన్నెండు, పన్నెండున్నర దాకే. ఇంట్లో ఉప్పుందో లేదో కూడా తెలియదు. అక్కడికి వెళ్లిన మనవాళ్లు మొదటి రాత్రి విమానంలో మిగిలిన బిస్కెట్లు తిని పడుకునేది ఇందుకే. హోటల్ అనుకుని వెళ్తారు. అది హోటల్ కాదు. ఎవరో తమ ఇంటి తాళాలు వారం రోజులకు మీ చేతిలో పెట్టడం. వంట మీదే, ఊడుపు మీదే, చెత్త మీదే. చాలాచోట్ల దుప్పట్లు కూడా మీవే. ఈ సంగతి బుక్ చేసేముందే తలకెక్కితే మిగతాదంతా సులువు.

ఇలాంటి ఇంటిని ‘జీత్’ అంటారు. జీతంలో చివరి అక్షరం తెగినట్టు వినిపిస్తుంది. పోయొచ్చిన నెల బ్యాంకు బ్యాలెన్సు కూడా అట్లనే కనిపిస్తుంది.

ఏ రకం ఇల్లు

జీత్ అంటే ఇల్లు మొత్తం మీకే, వంటగదితో సహా. ‘షాంబ్ర్ దోత్’ అంటే యజమాని ఉండే ఇంట్లో ఒక గది. పొద్దున రొట్టె, వెన్న, జామ్, కాఫీ వాళ్లే పెడతారు. చట్టం ప్రకారం ఇలాంటి ఇంట్లో 5 గదులు, 15 మందికి మించకూడదు. వంటగది మీకు దొరకదు. రెండు పూటలా అన్నం లేనిదే కుదరని పెద్దలు వెంట ఉంటే దీని జోలికి పోవద్దు. ‘జీత్ దేతాప్’ అన్నది మూడోది. కాలినడకన ఊళ్లు తిరిగేవాళ్లు ఒక రాత్రి తలవాల్చే చోటు, గదిలో వరస మంచాలు ఉంటాయి. పేరులో జీత్ ఉంది కదా, ధర తక్కువ ఉంది కదా అని కుటుంబానికి దీన్ని పట్టుకుంటే చిక్కే.

‘జీత్ ద ఫ్రాన్స్’ అనే సంఘం 1955 నుంచి ఉంది. వాళ్లు ఇళ్లకు నక్షత్రాలు ఇవ్వరు, కంకులు ఇస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా. మన ధాన్యం కంకి లాంటి బొమ్మే ఉంటుంది. ప్రభుత్వం తరఫున ఇచ్చే నక్షత్రాలు వేరే, అవి ఐదేళ్లే చెల్లుతాయి. కంకులు చెప్పేది ఇంటి అందం గురించి కాదు, సౌకర్యాల గురించి. మూడు కంకులుంటే వాషింగ్ మెషీన్ ఉండడం మామూలు. వారం రోజులకు ఐదుగురి బట్టలంటే అది కావాల్సిందే.

ఎప్పుడు పోవాలి

ఈ ఒక్క విషయంలో అదృష్టం మనవైపు ఉంది. మన బడులకు ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి జూన్ 12న తెరుస్తారు. ఫ్రాన్స్‌లో ఎండాకాలం సెలవులు జూలై మొదట్లో మొదలై ఆగస్టు అంతా ఉంటాయి. వాళ్ల సెలవుల్లో దాదాపు ప్రతి జీత్‌నూ శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారు, ధరా బాగా పెరుగుతుంది. మే చివరి వారం, జూన్ మొదటి వారాల్లో అయితే ధర తక్కువ, చాలామంది యజమానులు మూడు నాలుగు రాత్రులకైనా, వారం మధ్యలోనైనా ఇస్తారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. ఇక్కడ రోహిణి కార్తె ఎండలో రోళ్లు పగులుతుంటే అక్కడ రాత్రిపూట స్వెటర్ వేసుకోవాల్సి వస్తుంది.

మే నెలతో ఒక తిరకాసు ఉంది. మే 1, మే 8 సెలవులు. వాటికి తోడు ఈస్టర్ తర్వాత 39వ రోజు వచ్చే గురువారం ఒకటి, ఇంకో పదకొండు రోజులకు వచ్చే సోమవారం ఒకటి. గురువారం సెలవైతే శుక్రవారం కూడా కలిపేసుకుని పట్నం జనమంతా పల్లెలకు పోతారు, ఇళ్లు దొరకవు. ఆ ఏటి తేదీలు చూసుకుని మిగతా వారాలు పట్టుకోండి.

డబ్బు కట్టకముందు అడగాల్సినవి

ఫొటోలు చూసి ముచ్చటపడేముందు యజమానికి ఒక మెసేజ్ పెట్టండి. ఫ్రెంచ్ రాకపోతే ఫోన్లో అనువాదం చేసి పంపినా అర్థమవుతుంది.

మొదట మంచాలు. ‘6 కుషాజ్’ అని ఉంటే ఆరుగురు పడుకోవచ్చని. కానీ అందులో ఇద్దరి లెక్క హాల్లోని మడత సోఫా అయ్యుండొచ్చు. దాన్ని ‘క్లిక్ క్లాక్’ అంటారు, పేరులాగే నడుం దగ్గర క్లిక్కుమంటుంది. జంట మంచం వెడల్పు 140 సెంటీమీటర్లా, 160 సెంటీమీటర్లా అడగండి. పాత ఇళ్లలో 140 ఎక్కువ, ఇద్దరు పెద్దవాళ్లకు ఇరుకే. ఆరుగురికని తీసుకుని ప్యారిస్‌లో ఉన్న మేనల్లుణ్ని ఏడోవాడిగా పిలిస్తే ఒప్పుకోరు. ఇంటి బీమా ఆ లెక్కకే ఉంటుంది, ఒప్పందంలోనూ అదే రాసి ఉంటుంది. పగలు వచ్చి భోంచేసి పోతే ఫర్వాలేదా అని ముందే అడిగితే ఇబ్బంది ఉండదు.

రెండోది మెట్లు. ఇవి చాలావరకు పాత రైతుల ఇళ్లు, పశువుల కొట్టాలను బాగుచేసి కట్టినవి. పైకి పోయే చెక్కమెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, పడకగదులు పైన, బాత్రూం కింద. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన అమ్మానాన్నలను తీసుకుపోతుంటే ‘ప్లే ప్యే’ ఇల్లే అడగండి. అంటే మెట్లెక్కే పని లేకుండా అంతా ఒకే నేల మీద ఉన్నదని. కనీసం ఒక పడకగది, బాత్రూం కింద ఉండాలి.

మూడోది అద్దెలో కలవనివి. దుప్పట్లు, తువాళ్లు (‘లెంజ్’), చివరిరోజు శుభ్రం చేసే కూలి (‘మెనాజ్’), చలి ఉంటే హీటర్ ఖర్చు (‘షొఫాజ్’) చాలాచోట్ల విడిగా లెక్కేస్తారు. హీటర్‌కు కొందరు మీటర్ చూసి యూనిట్ లెక్కన తీసుకుంటారు. అలాంటప్పుడు దిగిన రోజే మీటర్ ఫొటో తీసుకోండి. ‘తాక్స్ ద సెజూర్’ అని ఊరి పన్ను ఒకటి, మనిషికి, రాత్రికి ఇంతని ఉంటుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు లేదు.

నాలుగోది అడ్వాన్సు. ఒప్పందంలో ‘ఆర్’ అని రాశారా, ‘అకోంత్’ అని రాశారా చూడండి. మనకు రెండూ బయానానే, వాళ్ల చట్టంలో తేడా చాలా ఉంది. ‘ఆర్’ అయితే మీరు మానుకుంటే ఆ డబ్బు పోతుంది, అంతటితో సరి. యజమాని మానుకుంటే రెండింతలు తిరిగివ్వాలి. ‘అకోంత్’ అయితే బేరం ఖాయమైనట్టు, మీరు మానుకున్నా మొత్తం అద్దె అడిగే హక్కు వాళ్లకు ఉంటుంది. వీసా ఇంకా చేతికి రానివాళ్లు ‘అకోంత్’ కాగితం మీద సంతకం చేయకపోవడమే మంచిది. వీసా రాకపోతే డబ్బు వెనక్కి వస్తుందని రాసిచ్చేవాళ్లను, లేదా ఉచిత క్యాన్సిలేషన్ ఉన్న ఇంటిని చూసుకోండి.

చివరిది ‘కోస్యో’, అంటే డిపాజిట్. ఫ్రెంచివాళ్లు దీనికి చెక్కు రాసిస్తారు. మీ దగ్గర ఆ చెక్కు ఉండదు. కార్డు మీద బ్లాక్ చేస్తారా, నగదు తీసుకుంటారా ముందే తేల్చుకోండి. బ్యాంకు ద్వారా పంపి తిరిగి తెప్పించుకుంటే రెండువైపులా చార్జీలకే కొంత పోతుంది. నగదు ఇచ్చి, అక్కడే రశీదు రాయించుకుని, పోయేరోజు తిరిగి తీసుకోవడమే నయం.

కాగితాలు

వీసా అర్జీ హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ కేంద్రంలో ఇవ్వాలి, వేలిముద్రలు అక్కడే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చి తీరాలి. ఎండాకాలంలో అపాయింట్‌మెంట్లు దొరకవు కనుక ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. వీసా రుసుం 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ వేరు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

జీత్ తీసుకున్నవాళ్లు తడబడేది బస కాగితం దగ్గర. హోటల్ బుకింగ్‌లో అందరి పేర్లూ ఉంటాయి, జీత్ ఒప్పందంలో తీసుకున్నవాడి పేరొక్కటే ఉంటుంది. మిగతావాళ్ల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, తేదీలు, ఇంటి పూర్తి చిరునామా, యజమాని ఫోన్ నంబరుతో పీడీఎఫ్ పంపమనండి. దిగిన రాత్రి, తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి ప్యారిస్‌లో ఉంటే వాటికీ కాగితం కావాలి. ఒక్క రాత్రి ఖాళీ ఉన్నా ప్రశ్న వస్తుంది. వ్యవసాయమే ఆధారమై ఐటీ రిటర్నులు లేని తల్లిదండ్రులకు పట్టాదారు పాస్ పుస్తకం, దాని ఇంగ్లీషు అనువాదం, ధాన్యం డబ్బులు పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి. పిల్లల ఖర్చుతో పోతుంటే ఆ పిల్లల ఆదాయం కాగితాలూ జత చేయండి.

కారు నడిపేవాళ్లకు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో మీ లైసెన్సు ఉన్న ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. ఫారం 4ఏ, వీసా, టికెట్ చూపాలి. ఫీజు 1000 రూపాయలు, సర్వీసు చార్జీ అదనం. ఏడాది చెల్లుతుంది. ఇంటి లైసెన్సు కూడా వెంట ఉండాలి, ఒట్టి పర్మిట్ చూపిస్తే చాలదు.

కారు, దారి

ఎయిర్‌పోర్టుకు పాలమూరువాళ్లు షాద్‌నగర్ మీదుగా పట్నంలో అడుగుపెట్టకుండానే చేరతారు. నల్లగొండవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే సరి. అసలు కష్టం అక్కడ దిగాక మొదలవుతుంది.

పల్లెలో కారు లేకుండా వారం గడవదు. ప్యారిస్ ఎయిర్‌పోర్టు నుంచే టీజీవీ అనే వేగపు రైళ్లు లియోన్, రెన్, నాంత్ వైపు నేరుగా పోతాయి. రైలు దిగిన ఊళ్లో కారు తీసుకుంటే ప్యారిస్ ట్రాఫిక్ తప్పుతుంది. అయితే చిన్న ఊళ్లలో కారు అద్దె ఆఫీసును మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మూస్తారు. శనివారం సాయంత్రం, ఆదివారం చాలాచోట్ల అసలే తెరవరు. శనివారం ఒంటిగంటకు రైలు దిగితే గేటు ముందు నిలబడాల్సిందే. రైలు టికెట్ కొనేముందు ఆ ఆఫీసు వేళలు చూడండి.

డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు చూపిస్తే చాలాచోట్ల కారివ్వరు. కార్డులో విదేశీ లావాదేవీలు మొదట ఆపేసే ఉంటాయి, ఇంట్లోంచి బయల్దేరేముందే బ్యాంకు యాప్‌లో తెరవండి, పిన్ గుర్తుంచుకోండి. రూపే పల్లెలో పనికిరాదు. యూపీఐ ఈఫిల్ టవర్ దగ్గర 2024లో వచ్చింది కానీ సంతలో ముల్లంగి అమ్మే అవ్వ దగ్గర రాలేదు, ఆమెకు చిల్లర నోట్లే ఇవ్వాలి. ఆటోమేటిక్ గేర్ల కారు కావాలంటే ముందే చెప్పాలి, ఉన్నవి తక్కువ, అద్దె ఎక్కువ.

రోడ్డుకు కుడివైపు నడపడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది ఒకటుంది. ఊళ్ల లోపల గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికే దారివ్వాలి, అది ట్రాక్టరైనా సరే, మీరు పెద్ద రోడ్డు మీదున్నా సరే. రౌండెబౌట్‌లో మాత్రం లోపల తిరుగుతున్న బండిదే ముందు. వేగం ఊళ్లో 50, మధ్యలో డివైడర్ లేని రోడ్ల మీద మామూలుగా 80, మోటార్‌వే మీద 130, వాన పడితే 110. కెమెరాలు ఉంటాయి, చలానా అద్దె కంపెనీ ద్వారా మీ ఇంటిదాకా వస్తుంది. పదేళ్లలోపు పిల్లలు వెనక సీట్లోనే, వయసుకు తగ్గ సీటుతో కూర్చోవాలి. పెట్రోల్ బంకులో ‘గాజోల్’ అంటే డీజిల్. గ్యాస్ అనుకునో, పెట్రోల్ అనుకునో పొరపడి పోస్తే ఇంజను పోతుంది.

ఇల్లు వెతుక్కోవడం ఇంకో పని. పొలాల మధ్య ఇళ్లకు వీధి, నంబరు ఉండకపోవచ్చు, తావు పేరొక్కటే ఉంటుంది. యజమాని నుంచి మ్యాప్ పాయింట్ వాట్సాప్‌లో తెప్పించుకుని, ఆ జిల్లా మ్యాప్ ఫోన్లోకి ముందే దించుకోండి. లోయల్లో సిగ్నల్ పోతుంది.

సంచిలో ఏమి పెట్టాలి, ఏది వద్దు

మాంసం, పాల పదార్థాలు యూరప్ బయటినుంచి తీసుకుపోవడం నిషేధం. అంటే నెయ్యి, పాలకోవా, కలాకంద్ వద్దు. పచ్చి కరివేపాకు, పండ్లు, కూరగాయలు కూడా ధ్రువపత్రం లేకుండా వద్దు. అరటి, కొబ్బరి లాంటి కొన్నింటికే మినహాయింపు. ఎండు కొబ్బరి చిప్పలను మన విమానాశ్రయంలోనే ఆపుతారు, నూనెతో అంటుకుంటాయని. కరివేపాకు, కొబ్బరి కలిపి కొట్టిన పొడి అయితే చాలు. కారం, పొడులు, పచ్చళ్లు చేతిసంచిలో కాకుండా పెట్టెలో పెట్టండి.

ఐదుగురికి వారానికి, రోజుకు ఒక పూట అన్నం లెక్కన మూడున్నర కిలోల బియ్యం పడుతుంది. మిర్యాలగూడ సన్నబియ్యం తప్ప దిగనివాళ్లుంటే మోసుకుపోండి, లేకపోతే అక్కడ బాస్మతి ప్రతి దుకాణంలో ఉంటుంది. కారం 200 గ్రాములు, చింతపండు 250 గ్రాములు, పసుపు, ఆవాలు, జీలకర్ర, మెంతులు ఒక చిన్న డబ్బా, ఎండుమిర్చి ఒక గుప్పెడు, కందిపప్పు ఒక కిలో, జొన్నపిండి రెండు కిలోలు. సకినాలు ఎన్నైనా పెట్టుకోండి, మొదటి రాత్రి ఆదుకునేవి అవే. రెండు పిన్నుల చార్జర్లు అక్కడి ప్లగ్గులో పడతాయి. మన మూడు పిన్నులవి పడవు, అడాప్టర్ కావాలి. కరెంటు మనలాగే 230 వోల్టులే కనుక చిన్న మిక్సీ కాలిపోదు. ఒక ప్లాస్టిక్ మగ్గు తప్పకుండా. ఎందుకో కింద చెప్తాం.

శనివారం సరుకులు

తాళాలు తీసుకున్నాక కాదు, తీసుకోకముందే దారిలో సూపర్‌మార్కెట్‌లో ఆగండి. ఆ రాత్రికి, ఆదివారానికి, సోమవారం పొద్దుటికి సరిపడా తీసుకోండి. సోమవారం రొట్టెల దుకాణం మూసి ఉండడం పల్లెల్లో మామూలు, మధ్యాహ్నం రెండు గంటల విరామం ఎటూ ఉంటుంది. ఉప్పు, నూనె, గిన్నెలు తోమే సబ్బు, టాయిలెట్ పేపర్, చెత్త సంచులు మరవద్దు.

పాల సీసాకు ఎర్ర మూత ఉంటే వెన్న తీయని పాలు, నీలం సగం తీసినవి, ఆకుపచ్చ మొత్తం తీసినవి. ఎర్రదే తీసుకోండి. కందిపప్పు అయిపోతే ‘లాంతీ కొరాయ్’ అడగండి, అది మన ఎర్ర మసూర్ పప్పే. కుక్కర్ లేకుండా పావుగంటలో ఉడుకుతుంది. వంకాయ, టమాట, బీన్స్, పాలకూర దొరుకుతాయి. బెండకాయ, పచ్చిమిర్చి పల్లె దుకాణంలో ఉంటాయని నమ్ముకోవద్దు. వారపు సంతలో ‘ఒజేయ్’ అనే ఆకు కనిపిస్తే వదలకండి. అది పుంటికూర కాదు కానీ పులుపు అచ్చం అట్లనే ఉంటుంది. బాండీలో వేయగానే కరిగి పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతుంది, చెడిపోయిందనుకోవద్దు, దాని స్వభావమే అంత. పప్పులో పుంటికూర వేసేదాంట్లో సగం వేసి రుచి చూసి పెంచండి. కీళ్లవాతం, కిడ్నీ రాళ్లు ఉన్నవాళ్లకు వద్దు, అందులో ఆక్జాలిక్ ఆమ్లం ఎక్కువ.

వంటగది

పొయ్యి మూడు రకాలు. గ్యాస్ అయితే బాధ లేదు. నల్ల గాజు పలకైతే అది ఇండక్షనా, ‘విత్రోసెరామిక్’ అనే మామూలు వేడి పలకా తెలుసుకోండి. ఇండక్షన్ మీద అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అయస్కాంతం అంటుకునే అడుగున్న స్టీలు కుక్కర్, మూడు లీటర్లది, తీసుకుపోతే రెండింటి మీదా పనిచేస్తుంది. వేడి పలకతో వచ్చే చిక్కు వేరు. ఆపేశాక కూడా చాలాసేపు వేడి ఉంటుంది. మూడు కూతలకు స్విచ్ తిప్పి ఊరుకుంటే ఇంకో రెండు కూతలొచ్చి పప్పు అడుగంటుతుంది. ఆపడం కాదు, కుక్కర్‌నే పక్కకు ఎత్తి పెట్టండి. గుండ్రటి అడుగు మూకుడు గాజు మీద మధ్యలోనే తగులుతుంది, పోపు ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉంటుంది. అడుగు చదునుగా ఉన్నదే వాడండి. జొన్నరొట్టె చదును పెనం మీద బాగానే వస్తుంది, తడిబట్టతో ఒత్తుకుంటూ కాల్చాలి. రాలిన పిండిని ఎప్పటికప్పుడు తుడవండి, లేకపోతే పొగ.

పొగ సంగతి చిన్నది కాదు. 2015 నుంచి ఫ్రాన్స్‌లో ప్రతి ఇంట్లో పొగ పసిగట్టే అలారం ఉండాలని చట్టం. ఎండుమిర్చి పోపు దానికి మంట కిందే లెక్క. పోపు వేసేముందు కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేసి, వంటగది తలుపు మూయండి. చెవులు చిల్లులు పడేలా మోగినా అలారం పీకి పక్కన పెట్టొద్దు. తిరిగి బిగించడం మరిచిపోతారు, రాత్రి నిజంగా అంటుకుంటే దిక్కుండదు.

నెయ్యి అక్కడే కాచుకోండి. 250 గ్రాముల వెన్న కడ్డీ, పేరు ‘బర్ దూ’ అని ఉన్నది. ‘దమీ సెల్’ అంటే ఉప్పు వెన్న, చిటపటమని ఎగిరి చివరకు గసి ఉప్పగా మిగులుతుంది. సన్నని వేడి మీద పదిహేను, ఇరవై నిమిషాలు. నురుగు తగ్గి, అడుగున గసి లేత ఎరుపు తిరిగి, కమ్మని వాసన రాగానే దించండి. 200 గ్రాముల దాకా నెయ్యి దిగుతుంది. పెరుగుకు ఎర్ర మూత పాలు వేలికి ఓర్చుకునేంత వేడి చేసి, చక్కెర లేని పెరుగు ఒక చెంచా కలిపి, ఓవెన్‌లో లైటు మాత్రమే వెలిగించి లోపల పెట్టండి. రాతిగోడల వంటగది చల్లగా ఉంటుంది, బల్ల మీద పెడితే తెల్లారినా పాలు పాలుగానే ఉంటాయి.

పసుపు తెల్ల బల్ల మీద, తెల్ల ప్లాస్టిక్ గరిటెల మీద పడితే వెంటనే తుడవాలి. సబ్బు నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది, చూసి కంగారుపడి బ్లీచ్ పోయొద్దు. మామూలుగా కడిగి, గరిటెలైతే ఒక పూట ఎండలో పెట్టండి, రంగు చాలావరకు పోతుంది. తలకు నూనె రాసుకునేవాళ్లు దిండు మీద పాత తువాలు పరుచుకోండి. డిపాజిట్‌లో కోత పడేది ఇలాంటి మరకలకే.

కరెంటు, నీళ్లు, బాత్రూం

పల్లె ఇళ్లకు చాలావాటికి 6 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది. ఓవెన్ 2500 వాట్లు, గీజర్ 2000, కెటిల్ 2000 ఒకేసారి పడితే లెక్క దాటి కరెంటు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందేమో అని కంగారు వద్దు. ఒకటి రెండు ఆపి, మెయిన్ స్విచ్ పైకి ఎత్తండి. ఆ స్విచ్ కిందికి పడకుండానే కరెంటు పోయి ఉంటే, లేత ఆకుపచ్చ రంగు మీటర్ మీద ‘+’ బటన్‌ను క్లిక్కుమనేదాకా నొక్కిపట్టండి.

గీజర్ ట్యాంకు తరచుగా 200 లీటర్లది, రాత్రి చౌక కరెంటు వేళలోనే కాగుతుంది. నిమిషానికి పది లీటర్లు పోసే షవర్ కింద ఐదుగురు వరసగా పదేసి నిమిషాలు నిలబడితే ఐదో మనిషికి చన్నీళ్లే. ఇద్దరు రాత్రి, ముగ్గురు పొద్దున అని పంచుకోండి.

బాత్రూం నేల మన బాత్రూం కాదు. నీళ్లు పోయే తూము షవర్ లోపలే ఉంటుంది, బయట నేలకు ఉండదు. కడుగుదామని బకెట్ నీళ్లు కుమ్మరిస్తే చెక్కల్లోంచి కింది గది కప్పులోకి దిగుతాయి. టాయిలెట్ గది తరచుగా విడిగా, నల్లా లేకుండా ఉంటుంది. ఆ ప్లాస్టిక్ మగ్గు ఇందుకే. బాత్రూంలో నింపి తీసుకుపోయి, కమోడ్ మీద కూర్చునే వాడుకోండి, నేల మీద చుక్క పడకుండా. పొలాల మధ్య ఇళ్లకు డ్రైనేజీ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. తడి తుడుపు కాగితాలు, శానిటరీ ప్యాడ్లు, వేయించిన నూనె అందులో పోతే పూడుకుంటుంది. బ్లీచ్ ఎక్కువ పోస్తే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చి కంపు కొడుతుంది. వాడిన నూనె ఖాళీ సీసాలో పోసి చెత్తలో వేయండి.

నల్లా నీళ్లు తాగొచ్చు. ‘నో పోతాబ్ల్’ అని రాసి ఉన్న తోట నల్లా, ఊరి ఫౌంటెన్ నీళ్లు తాగొద్దు. సున్నపురాయి నేలల్లో కెటిల్ అడుగున తెల్లపొర కడుతుంది. నల్లగొండవాళ్లకు అది చూడగానే గుండె జల్లుమంటుంది కానీ అది సున్నమే, ఫ్లోరైడ్ కాదు. వెనిగర్ వేసి మరిగిస్తే పోతుంది.

ఫ్యాను, ఏసీ ఉండవు. గోడలు మన పాత మట్టి మిద్దెల్లా మందంగా ఉంటాయి, పద్ధతీ అదే. ఎండ ఎక్కకముందే కిటికీలు, వాటి చెక్క రెక్కలు మూసేయాలి, రాత్రి చల్లబడ్డాక తెరవాలి. పగలు గాలి కోసమని తెరిచిపెడితే సాయంత్రానికి ఇల్లంతా ఉడుకు.

ఊళ్లో

దుకాణంలోకి అడుగుపెట్టగానే ‘బోజూర్’ అనండి, అడగాల్సింది తర్వాత అడగండి. అది లేకుండా మొదలుపెడితే మొహం మాడ్చుకుంటారు. హోటళ్లలో మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి ఒకటిన్నర లోపే, రెండింటికి పోతే పొయ్యి ఆరిపోయి ఉంటుంది. ‘బఫ్’ అంటే ఆవు మాంసం, ‘పోర్’ పంది. సలాడ్‌లో, కూరగాయల పైలో ఎర్రటి చిన్న ముక్కలు కనిపిస్తే అవి ‘లార్దో’, పంది మాంసమే. శాకాహారమని చెప్పినా వేసే చోట్లున్నాయి, పేరు పెట్టి వద్దని చెప్పండి.

రాత్రి పది దాటాక ఆరుబయట కూర్చుని పెద్దగా మాట్లాడితే పొరుగువాళ్లు ఫిర్యాదు చేయగలరు. ఎత్తైన గడ్డిలో తిరిగొచ్చిన పిల్లలకు మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు ఉన్నాయేమో సాయంత్రం చూడండి. బీపీ, షుగర్ మాత్రలు ప్రిస్క్రిప్షన్‌తో ఇక్కడినుంచే తీసుకుపోండి. ప్రాణం మీదికొస్తే 112, నేరుగా అంబులెన్స్ వైద్యులకు 15. ఇంటి మ్యాప్ పాయింట్ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, ఆ సమయంలో ఊరి పేరు పలకడం ఎవరి తరమూ కాదు.

ఖాళీ చేసే రోజు

పది గంటలకు తాళాలు ఇవ్వాలి. శుభ్రం చేసే కూలి కట్టి ఉన్నా గిన్నెలు తోమడం, ఫ్రిజ్ ఖాళీ చేయడం, చెత్త తీసేయడం మీ పనే. ముందురోజు సాయంత్రమే పచ్చళ్ల సీసాలు, అట్టపెట్టెలు వేరుచేయండి. గాజు ఊరి చివర ఉన్న పెద్ద డబ్బాలో, కాగితం, ప్లాస్టిక్, డబ్బాలు పసుపు మూత ఉన్నదాంట్లో, మిగతాది మామూలుదాంట్లో. కొన్ని ఊళ్లలో చెత్తబండి వారానికి ఒక్కసారే వస్తుంది, అందుకే సంచి ఇంటి ముందు వదిలిపోతే కుక్కలు, అడవి జంతువులు చీల్చి పోస్తాయి.

దిగినరోజు యజమాని ఒక జాబితా ఇస్తాడు, గ్లాసులెన్ని, గిన్నెలెన్ని, ఏది పగిలి ఉంది అని. ఆ రోజే తిరిగి చూసి, లేనివి, విరిగినవి ఫొటో తీసి పంపి ఉంటే చివర్లో వాదన ఉండదు. మీ చేతిలో ఒక గ్లాసు పగిలితే దాచొద్దు, ముందే చెప్పి డబ్బివ్వండి, ఒకటి రెండు గ్లాసులకు చాలామంది తీసుకోరు కూడా. యజమాని రాలేనంటే తాళంచెవి గోడకున్న నంబరు పెట్టెలో పెట్టి, మూత పడ్డాక అంకెలు తిప్పేసి, ఫొటో తీసి పంపండి. డిపాజిట్ నగదుగా ఇచ్చినవాళ్లు మాత్రం పెట్టెలో వేసి బయల్దేరొద్దు. మనిషి వచ్చి లెక్క తేల్చేదాకా తాళంచెవి మీ జేబులోనే ఉండాలి.